కంప్యూటరు ఏమంటున్నది?

పిల్లలూ, పూర్వం గ్రామాలలో ఏదైనా కబురు అందరికీ తెలియాలంటే టముకు వేయించేవారు. టముకు వేసేవాడు వీధి మొగలో నిలబడి, డప్పు కొట్టి, "రేపు చెరువు గట్టు పని ఉన్నది, ఇంటికొక మనిషి రావాలి!" అని కేక పెట్టేవాడు. విన్నవాళ్ళకు సంగతి ఏమిటో, తాము ఏం చెయ్యాలో వెంటనే తెలిసిపోయేది. అలా కాక, ఆ మనిషి డప్పు కొట్టి, "మూడు వందలు!" అని మాత్రం అరిచి పక్క వీధికి వెళ్ళిపోయాడనుకోండి. ఊరివాళ్ళు ఏమవుతారు? కొందరు భయపడతారు. కొందరు నవ్వుకుంటారు. నాలుగు రోజులు పోయాక ఆ డప్పును ఎవరూ వినిపించుకోరు.

ఈనాడు మన ఇళ్ళలో ఉండే కంప్యూటర్లూ, సెల్‌ఫోన్లూ ఇలాటి టముకే వేస్తూ ఉంటాయి. పని చేసుకుంటూ ఉండగా తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఒక అంకె, అర్థం కాని నాలుగు ఇంగ్లీషు ముక్కలు, కింద "ఓకే" అనే మీట ఉంటాయి. "ఎర్రర్ వచ్చింది" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆ ముక్కలు చదివేవారు తక్కువ. ఓకే నొక్కి వదిలించుకునేవారు ఎక్కువ. అవి అంత తికమకగా ఎందుకు ఉంటాయో, వాటిని చూసి మనం ఏం చెయ్యాలో తెలుసుకుందాం. ఇది చిన్న విషయం కాదు. ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలు కూడా దీని మీద ఆధారపడి ఉంటాయి.

ముందు ఒక ప్రశ్న. కంప్యూటరు తనకు వచ్చిన చిక్కు ఏమిటో మామూలు మాటల్లో చెప్పవచ్చు గదా, ఎందుకు చెప్పదు?

మీ బడిలో జరిగే సంగతి ఒకటి ఆలోచించండి. మాస్టారు ఒక కుర్రవాణ్ణి పిలిచి, "ఆఫీసుకు వెళ్ళి సుద్దముక్కల పెట్టె పట్టుకు రా!" అంటారు. కుర్రవాడు వెళ్ళి గుమాస్తాను అడుగుతాడు. గుమాస్తా బంట్రోతును పంపుతాడు. బంట్రోతు వెళ్ళి చూస్తే బీరువాకు తాళం వేసి ఉన్నది, తాళంచెవి మరెవరి దగ్గిరో ఉన్నది. అతను తిరిగి వచ్చి గుమాస్తాతో, "తియ్యటానికి లేదు" అంటాడు. గుమాస్తా కుర్రవాడితో, "లేదు" అంటాడు. కుర్రవాడు క్లాసుకు వచ్చి, "లేదుటండీ" అంటాడు. మాస్టారికి ఏం తెలిసింది? సుద్దముక్కలు అయిపోయాయా, బీరువాకు తాళం వేశారా, అసలు ఆఫీసులో మనిషే లేడా? "లేదు" అన్న మాటలో అసలు కారణం మాయమయింది.

కంప్యూటరులో జరిగేది కూడా ఇదే. మీరు ఒక ఉత్తరం అచ్చు వెయ్యమని మీట నొక్కుతారు. మీకు కనిపించే ప్రోగ్రాము ఆ పని స్వయంగా చెయ్యదు. అది ఆపరేటింగ్ సిస్టం అనే పెద్ద ప్రోగ్రామును అడుగుతుంది. పెద్ద ప్రోగ్రాము, ప్రింటరును నడిపే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రామును అడుగుతుంది. డ్రైవరు ప్రింటరును అడుగుతుంది. చిక్కు ఎక్కడో అడుగున వస్తుంది. అడుగున ఉన్నదానికి చిక్కు ఏమిటో తెలుసుగాని, పైన మీరు ఏ పని తలపెట్టారో తెలియదు. పైన ఉన్నదానికి మీ పని తెలుసుగాని, అడుగున ఏం జరిగిందో తెలియదు. చాలాసార్లు వీటి మధ్య చేతులు మారుతూ పైకి వచ్చేది ఒక అంకె మాత్రమే. ఆ అంకెనే మనకు తెర మీద చూపుతారు.

దీనికి పాత కారణం మరొకటి కూడా ఉన్నది. 1981 లో ఐబీఎం కంపెనీవారు అమ్మకానికి పెట్టిన పీసీలలో అన్నిటికన్నా చౌక రకానికి ఉన్న జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు. అంటే అందులో పట్టేవి 16,384 ఇంగ్లీషు అక్షరాలు. మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం అందులో పట్టదు. అంత ఇరుకులో ప్రోగ్రాములు రాసేవారు ఒక్కొక్క అక్షరాన్నీ పొదుపుగా వాడవలసి వచ్చేది. పొడుగాటి వాక్యానికి బదులు ఒక పొట్టి మాటో, అంకెో పెట్టి ఊరుకునేవారు. ఈనాడు మీ చేతిలోని ఫోనులో అంతకన్నా లక్షల రెట్లు చోటు ఉన్నది. అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

పొదుపు ఎంత తికమక తెస్తుందో చూడండి. 1980 లకు చివర, 1990 లలో హ్యూలెట్-పాకర్డ్ కంపెనీ లేజర్ ప్రింటర్లు కొన్ని, ఉన్నట్టుండి పని ఆపేసి, తమ ముందున్న చిన్న పలక మీద "పీసీ లోడ్ లెటర్" అని చూపేవి. చదివినవారు పీసీ అంటే కంప్యూటరు అనుకున్నారు, లెటర్ అంటే ఉత్తరం అనుకున్నారు. రెండూ కాదు. పీసీ అంటే "పేపర్ కాసెట్", అంటే కాగితాలు పెట్టే అర. లెటర్ అంటే అమెరికాలో వాడే కాగితం కొలత - ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడుగు. "అరలో లెటర్ కొలత కాగితాలు పెట్టండి" అని దాని భావం! మన దేశంలో వాడేది ఏ4 కాగితం. దాని కొలత 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. ఉత్తరం తయారు చేసేటప్పుడు కంప్యూటరులో లెటర్ కొలత ఉండిపోతే, అర నిండా ఏ4 కాగితాలు ఉన్నా అలాటి ప్రింటరు కదలదు. ఆ ఒక్క వాక్యం పూర్తిగా రాసి ఉంటే ఎంతమంది తల పట్టుకోవటం తప్పేదో!

కొన్ని మాటలు తికమక పెట్టి ఊరుకోవు, భయపెడతాయి కూడా. విండోస్ 95, విండోస్ 98 వాడినవారికి "ఈ ప్రోగ్రాం ఇల్లీగల్ ఆపరేషన్ చేసింది, దీన్ని మూసివేస్తున్నాము" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం తరుచుగా కనిపించేది. ఇల్లీగల్ అంటే చట్టవిరుద్ధం గదా! మామూలు మనిషి అది చదివి, తాను ఏదో నేరం చేశానేమో అని కంగారు పడటంలో వింత ఏమున్నది? అక్కడ జరిగినది ఇంతే: ఒక ప్రోగ్రాము, యంత్రం ఒప్పుకోని పని ఏదో చెయ్యబోయింది. తనది కాని జాగాలో చెయ్యి పెట్టటం వంటిదన్నమాట. అది ప్రోగ్రాము చేసిన పని, కూర్చున్న మనిషి చేసినది కాదు.

మన భాషలో కూడా ఈ జాగ్రత్త అవసరం. చాలా ఫోన్లు ఈనాడు తెలుగులో మాట్లాడుతున్నాయి, సంతోషమే. కాని అవి "ఏదో తప్పు జరిగింది" అంటాయి. తెలుగులో తప్పు అనే మాట వినగానే, "ఎవరు చేశారు?" అనే ప్రశ్న వస్తుంది. పెద్దవయసువాళ్ళు, "నేనేం నొక్కానో ఏమో!" అని ఫోను కింద పెట్టేస్తారు. "ఇప్పుడు నెట్ అందటం లేదు, కొంచెం సేపటికి మళ్ళీ చూడండి" అంటే ఆ అమ్మమ్మగారు నిశ్చింతగా ఉండేది గదా?

అంకెలన్నీ పనికిమాలినవి అనుకోకండి. అర్థం తెలిస్తే కొన్ని అంకెలు బాగా ఉపకరిస్తాయి. ఇంటర్నెట్‌లో కనిపించే 404 అనేది మీలో చాలామంది చూసే ఉంటారు. "మీరు అడిగిన పేజీ ఇక్కడ లేదు" అని దాని అర్థం. ఇటువంటి అంకెలలో మొదటి అంకెను పట్టుకోవాలి. 4 తో మొదలయితే, అడగటంలో ఏదో చిక్కు ఉన్నదన్నమాట. చిరునామాలో ఒక అక్షరం పోయిందేమో, ఆ పేజీని తీసేశారేమో చూసుకోవాలి. 5 తో మొదలయితే, చిక్కు అవతలి కంప్యూటరుది. దాన్నే సర్వరు అంటారు. పదో తరగతి ఫలితాల రోజున లక్షలమంది ఒక్కసారిగా ఒకే సర్వరు మీద పడితే, అది 503 అనవచ్చు. "ప్రస్తుతం నేను పని చెయ్యలేను" అని దాని భావం. మన ఆఫీసుల్లో "సర్వర్ డౌన్" అనేది చాలాసార్లు ఈ జాతిదే. అప్పుడు మీరు మీ నంబరు పదిసార్లు మార్చి కొట్టటం వల్ల ప్రయోజనం లేదు. కాసేపు ఆగటమే మందు.

ఇక మొదట చెప్పిన "మూడు వందలు" సంగతి. ఆధార్ వారి లెక్కలో 300 అనే అంకెకు, వేలిముద్ర వంటి శరీరపు గుర్తు తమ దగ్గిర ఉన్నదానితో సరిపోలేదని అర్థం. రేషన్ షాపులో ఒక అవ్వ మిషను మీద వేలు పెట్టిందనుకోండి. మిషను ఒప్పుకోలేదు. "అవ్వా, ఎర్రర్ వస్తున్నది, నీ వేలు పడటం లేదు" అన్నారు. అవ్వకు అర్థమయినది ఏమిటి? తన పేరు కార్డులోనుంచి కొట్టేశారేమో అనుకుని ఉత్త సంచీతో ఇంటికి పోవచ్చు. సంగతి అది కాదు. ఏళ్ళ తరబడి కలుపు తీసీ, ఇటుకలు మోసీ, బట్టలు ఉతికీ చేసే వేళ్ళ మీది గీతలు అరిగిపోతాయి. మరొక వేలు పెట్టి చూడవచ్చు. చెయ్యి కడిగి, తుడుచుకుని మళ్ళీ పెట్టవచ్చు. కనుపాపతో గుర్తుపట్టే సాధనం ఉంటే అది అడగవచ్చు. ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు కొత్తగా ఇవ్వవచ్చు. ఈ దారులలో ఒక్కటి చెప్పినా అవ్వ బియ్యం లేకుండా వెళ్ళిపోదు.

ఉత్త అంకె ఒకటి తెర మీదికి వచ్చినప్పుడు, దాని అర్థం తెలిసినవాడు పక్కన ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో చెప్పే రెండు నిజమైన సంగతులు ఉన్నాయి. ఒకటి చంద్రుడి దగ్గిర జరిగింది, రెండవది ఒక ఆస్పత్రిలో జరిగింది.

1969 జులై 20 న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ అనే ఇద్దరు చంద్రుడి మీదికి దిగుతున్నారు. వారి వాహనంలో చిన్న కంప్యూటరు ఉన్నది. దానికి మాటలు చూపే తెర లేదు, అంకెలు మాత్రం చూపగలదు. దిగుతూ ఉండగా హఠాత్తుగా ప్రమాద సూచనతోబాటు 1202 అనే అంకె వెలిగింది. దాని అర్థం ఆ ఇద్దరికీ తెలియలేదు. అది ఏమిటో చెప్పమని భూమి మీద హ్యూస్టన్‌లో ఉన్నవారిని అడిగారు. దిగటమా, మానుకుని వెనక్కు పోవటమా? ఆలోచించటానికి క్షణాలే ఉన్నాయి.

అదే నెల మొదట్లో, హ్యూస్టన్‌లో అభ్యాసం జరుగుతూ ఉండగా ఇటువంటి అంకె ఒకటి వచ్చింది. దాని అర్థం తెలియక, అవసరం లేకపోయినా యాత్ర మానుకోమని చెప్పేశారు. ఆ తరువాత వారు ఊరుకోలేదు. రాగల అంకెలన్నిటికీ అర్థాలు తెలుసుకోవాలని నిశ్చయించారు. జాక్ గార్మన్ అనే 24 ఏళ్ళ ఇంజనీరు ఆ అంకెలనూ, ఒక్కొక్కటి వస్తే ఏం చెయ్యాలో కూడానూ ఒక కాగితం మీద చేత్తో రాసి దగ్గిర పెట్టుకున్నాడు. 1202 వినగానే అతనికి సంగతి తెలిసిపోయింది. కంప్యూటరుకు పని ఎక్కువయింది. అవసరం లేని రాడారు సంకేతాలు దాని కాలాన్ని తినేస్తున్నాయి. కాని మార్గరెట్ హామిల్టన్ నాయకత్వాన ప్రోగ్రాములు తయారు చేసినవారు దాన్ని తెలివిగా తయారుచేశారు. పని ఎక్కువయితే అది ముఖ్యం కాని పనులు వదిలేసి, దిగటానికి కావలసిన పనులు మాత్రం చేస్తుంది. ఆ సూచన అదే పనిగా రాకుండా ఉంటే భయం లేదు. గార్మన్ ఆ మాట స్టీవ్ బేల్స్‌తో చెప్పాడు. 26 ఏళ్ళ బేల్స్, "దిగవచ్చు" అన్నాడు. ఆ సూచనలు మరికొన్నిసార్లు వచ్చినా వాహనం క్షేమంగా దిగింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు.

రెండవ సంగతి విచారకరమైనది. కాన్సరు రోగులకు కిరణాలతో చికిత్స చెయ్యటానికి కెనడాలో థెరాక్-25 అనే యంత్రం తయారయింది. దాన్ని కంప్యూటరు నడిపేది. ఏదైనా చిక్కు వస్తే, తెర మీద "మాల్‌ఫంక్షన్" అనే మాటా, దాని పక్కన ఒక అంకె కనిపించేవి. మాల్‌ఫంక్షన్ అంటే యంత్రం సరిగా పని చెయ్యలేదని అర్థం. ఆ అంకెల అర్థం యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో వివరించలేదు. చిన్న చిన్న కారణాలకు కూడా అవి తరుచుగా వస్తూ ఉండటంతో, "పీ" అనే మీట నొక్కి పని సాగించటం నడిపేవాళ్ళకు అలవాటయింది. మన టముకును వినిపించుకోని ఊరివాళ్ళ మాదిరే!

1986 మార్చిలో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ అనే ఊళ్ళో, ఒక రోగికి చికిత్స చేసేటప్పుడు "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. యంత్రాన్ని నడిపే ఆమె వేరే గదిలో ఉన్నది. అలవాటు ప్రకారం పీ నొక్కింది. నిజానికి ఆ రోగి మీద అప్పటికే ఎన్నో రెట్లు ఎక్కువ కిరణాలు పడ్డాయి. పీ నొక్కేసరికి మళ్ళీ పడ్డాయి. కంపెనీ ఇంజనీర్లు పరీక్షించారు గాని, ఆ 54 వారికి మళ్ళీ రాలేదు. యంత్రాన్ని తిరిగి వాడారు. ఏప్రిల్‌లో మరొక రోగికి అదే అంకె, అదే ప్రమాదం. ఇద్దరూ తరువాత మరణించారు. 1985, 1987 ల మధ్య అమెరికా, కెనడా దేశాలలో ఈ యంత్రం ఆరుగురికి ఇలా హాని చేసింది. వారిలో కనీసం ముగ్గురు చనిపోయారు.

చివరకు రహస్యం ఎలా బయటపడింది? ఆ యంత్రాన్ని నడిపిన ఆమె, తాను ఆ రోజున ఏ మీట తరువాత ఏ మీట నొక్కిందీ బాగా గుర్తు పెట్టుకున్నది. ఆమే, ఆస్పత్రిలోని భౌతికశాస్త్రవేత్తా కూర్చుని, ఆ వరసే మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. ముందు ఒక అక్షరం కొట్టి, వెనక్కు వెళ్ళి, దాన్ని చాలా వేగంగా దిద్దితే 54 వస్తున్నది! వేగంలోనే కిటుకు ఉన్నది. నెమ్మదిగా పరీక్షించినవారికి అది ఎప్పటికీ దొరకదు. ప్రోగ్రాములో లోపం అలా పట్టుబడింది. తరువాత చేసిన మార్పులలో, ఉత్త అంకెలకు బదులు అర్థమయ్యే మాటలు పెట్టటం కూడా ఒకటి.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. 1202 కూ, 54 కూ తేడా అంకెలో లేదు. రెండూ ఉత్త అంకెలే. ఒక దాని వెనక అర్థం రాసి పెట్టిన కాగితం ఉన్నది, దాన్ని అడిగినవాళ్ళు ఉన్నారు, చెప్పినవాడు ఉన్నాడు. రెండవ దాని వెనక ఏమీ లేదు.

మనమేమీ చంద్రుడి మీదికి పోవటం లేదు. అయినా మన ఇంట్లో ఎర్రర్ వచ్చినప్పుడు చెయ్యవలసిన పని ఇదే. మొదట, గబుక్కున ఓకే నొక్కవద్దు. పెట్టెలో ఉన్నది పూర్తిగా చదవండి. చదివినదాన్ని అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి, లేదా ఫోనుతో ఫొటో తియ్యండి. "ఏదో ఎర్రర్ వచ్చిందండీ" అంటే బాగుచేసేవాడు ఏమీ చెయ్యలేడు. "కడుపులో ఏదో అయింది" అంటే డాక్టరు మందు ఇవ్వలేడు గదా! అంతకు ముందు మీరు ఏం నొక్కారో కూడా రాయండి. టైలర్‌లో లోపం పట్టించినది అటువంటి జ్ఞాపకమే. కరెంటు తీగె, కాగితాలు, నెట్ సరిగా ఉన్నాయో లేదో చూడండి. డబ్బు చెల్లించేటప్పుడు ఎర్రర్ వస్తే వెంటనే మళ్ళీ చెల్లించకండి. ముందు ఖాతాలో డబ్బు తగ్గిందేమో పెద్దవాళ్ళ చేత చూపించండి.

దొంగ ఎర్రర్లు కూడా ఉన్నాయి, జాగ్రత్త! "మీ కంప్యూటరు పాడయింది, వెంటనే ఈ నంబరుకు ఫోను చెయ్యండి" అని తెర నిండా ఎర్రగా వస్తే, అది మోసం. మైక్రోసాఫ్ట్ కంపెనీ తమ ఎర్రర్ మాటలలో ఫోను నంబరు ఎన్నడూ ఉండదని ప్రకటించింది. ఆ నంబరుకు ఫోను చెయ్యకండి. ఎవరైనా అప్పటికే మోసపోయి ఉంటే, మన దేశంలో ఆలస్యం చెయ్యకుండా 1930 కి ఫోను చెయ్యాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఎర్రర్ వచ్చిందని పిల్లవాడు చెప్పగానే, "ఏం చేశావురా?" అని కసరకండి. "ఏమని వచ్చింది? చదువు" అనండి. కసిరితే వాడు రేపటినుంచి ఓకే నొక్కి దాచేస్తాడు.

మీలో కొందరు పెద్దవాళ్ళయి ప్రోగ్రాములు రాస్తారు. లెక్క పక్కన ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పెట్టి ఊరుకునే మాస్టారు మంచి మాస్టారు కాడు. ఏ మెట్టు దగ్గిర దారి తప్పారో చూపేవాడే మంచి మాస్టారు. మీరు రాసే ప్రతి ఎర్రర్‌లోనూ మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఏం జరిగింది? ఎందుకు జరిగింది? ఇప్పుడు ఏం చెయ్యాలి?

దీనికి ఇప్పుడే అభ్యాసం మొదలుపెట్టండి. మేడ మీది ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే మోటారు ఆగిపోయి, "ఎర్రర్ 17" అని చూపిందనుకోండి. బావిలో నీళ్ళు తగ్గటం దానికి కారణం. ఆ అంకెకు బదులు ఏం రాస్తే బాగుంటుందో తెలుగులో రెండే వాక్యాలు రాయండి. రాసి, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. విన్న వెంటనే ఏం చెయ్యాలో వారు చెప్పగలిగితే మీరు బాగా రాసినట్టు. చెప్పలేకపోతే వారిని ఏమీ అనకండి. మీ వాక్యాలు తిరగరాయండి.